కాఫీ మిషనూ, కళాయి సాయిబూ

చిత్తూరు నీళ్ళ సంగతి కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే నాకు తెలిసిపోయింది. కందిపప్పు పొయ్యి మీద పెట్టి, తలకు పోసుకుని, జడ వేసుకుని వచ్చినా పప్పు బద్ద బద్దలాగే ఉండేది. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. పెరట్లో బావి నీళ్ళు చూడ్డానికి మాత్రం తేటగా, ముద్దొస్తూ ఉంటాయి. "అవి నీళ్ళు గాదే అమ్మణ్ణీ, సున్నపు తేట" అనేది మా అత్త. కొళాయి నీళ్ళు రెండు రోజులకొకసారి వచ్చేవి. వాటిని తాగడానికి పట్టి దాచుకునేవాళ్ళం. తక్కిన అన్ని పనులకూ బావే దిక్కు. కాఫీ మిషనులో కూడా నేను బావి నీళ్ళే పోస్తూ వచ్చాను.

ఆ మిషను మా ఇంటికి ఎనభైలలో వచ్చింది. మా ఆడబిడ్డ మొగుడికి ఓడల కంపెనీలో ఉద్యోగం. ఇటలీ దేశపు రేవులో దిగినప్పుడు, అక్కడివాళ్ళు ఇంటింటా ఇలాంటివి పెట్టుకుని కాఫీ కాచుకోవడం చూశాడట. మా మామ కాఫీ పిచ్చి గుర్తొచ్చి ఒకటి కొనుక్కొచ్చాడు. మామకు బజారులో నగరి చీరలు అమ్మే కొట్టు ఉండేది. ఆయన పొద్దున రెండు కాఫీలు పడితే గానీ కొట్టు తాళంచెవి చేతిలోకి తీసుకునేవాడు కాదు.

పెద్ద పెళ్ళిళ్ళలో కనిపించే ఎక్స్‌ప్రెస్ కాఫీ మిషనుకు ఇది పిల్ల అనుకోవచ్చు. లోపల ఇత్తడి బాయిలరు, దాని మీద మరతో బిగించే మూత, పక్కన పాలు పొంగించడానికి ఆవిరి గొట్టం, ముందు వైపు కాఫీ పొడి నింపే చిన్న జల్లెడ. నీళ్ళు పోసి స్విచ్చి వేస్తే, లోపల ఆవిరి పుట్టి వేన్నీళ్ళను సన్న గొట్టంలోంచి పొడి మీదికి తోస్తుంది. కింద పెట్టిన గ్లాసులోకి చిక్కటి డికాషను దిగుతుంది. పొగచూరిన మా వంటింట్లో అది కాకి ముక్కుకు దొండపండులా ఉండేది. మొదటి నెలంతా వీధి వీధే వచ్చి చూసిపోయింది. నేను ఆవిరి గొట్టం తిప్పి బుస్సుమనిపిస్తుంటే ఆడవాళ్ళు వెనక్కి జరిగేవాళ్ళు. నాకు అది బాగుండేది. తిరుపతిలో రసాయన శాస్త్రం చదివి వచ్చిన కోడల్ని కదా, నా చదువుకు తగిన వస్తువు ఇంటికి వచ్చిందనుకున్నాను.

ఏడాది తిరగకముందే దానికి జబ్బు చేసింది. ముందు డికాషను ధార సన్నబడింది. తర్వాత చుక్క చుక్కగా పడింది. మూత పక్కనుంచి ఆవిరి చీదేది. మా ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే, గరిటె కాడతో నెత్తిన రెండు తట్టడం. మిషనుతో వచ్చిన చిన్న పుస్తకం ఏదో భాషలో ఉంది. అందులో బొమ్మలు చూసి అర్థం చేసుకుందామని ఒక ఆదివారమంతా కూర్చున్నాం. ఒక బొమ్మలో గొట్టం నోట్లో తెల్లని చుక్కలు, పక్కన ఏడుపు మొహం. జబ్బు తెలిసింది కానీ మందు తెలియలేదు. కరెంటు సామాన్లు బాగుచేసే కొట్టుకు తీసుకుపోతే వాళ్ళు మూత కూడా విప్పకుండా "ఇది మనతో కాదు సార్" అని తిప్పి పంపారు.

అంతలో తిరుపతి నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆడబిడ్డ అత్తగారు, అంటే మా అత్తకు వియ్యపురాలు, శుక్రవారం వస్తున్నానని రాసింది. కొడుకు అంత దూరం నుంచి మోసుకొచ్చిన మిషనులో కాఫీ తాగకుండా ఆమెను పంపడం ఎలాగ? అటక మీద పెట్టేశాం అంటే బాగుంటుందా? మామ రెండు రోజులు అదే మాట. ఆఖరికి అత్త అంది, "ఇత్తడి యా దేశానిదైతే ఏమి? కళాయి సాయిబును పిలవండి."

కళాయి సాయిబు మా వీధికి ముప్పై ఏళ్ళుగా వస్తున్న మనిషి. ఇత్తడి గిన్నెల్లో పులుసు కాస్తే చిలుం పట్టి విషమవుతుందని, లోపల తగరం పూత పూయించేవాళ్ళు. దాన్నే కళాయి అంటారు. ఆయన వీధి మొగదల చిన్న గుంత తీసి, బొగ్గులు పోసి, తోలుతిత్తి ఊదుతూ, నల్లబడిన గిన్నెను ఎర్రగా కాచి, దూదితో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె లోపల వెండిలా మెరిసేది. సన్నటి మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం. అందరినీ "అమ్మా" అనే పిలిచేవాడు.

బుధవారం పొద్దున వచ్చి మిషనును రెండు చేతులతో ఎత్తి చెవి దగ్గర ఊపాడు. లోపల గలగలమని చప్పుడు.

"మీ బావి అంతా వచ్చి ఈడ కూర్సోనుండాది గదమ్మా" అని నవ్వాడు.

ఇరవై నిమ్మకాయలు తెమ్మన్నాడు. రసం పిండి, వేన్నీళ్ళలో కలిపి బాయిలరు నిండా పోశాడు. లోపల బుసబుసమని పొంగిన చప్పుడు వినిపించింది. సున్నం మీద పులుపు పడితే ఏ వాయువు పుడుతుందో నాకు తెలుసు, సమీకరణంతో సహా తెలుసు. కానీ ఇన్నాళ్ళూ నా బుర్రకు రాని మందు, బడి మొహం చూడని ఆయనకు ఒక్క ఊపుతో తెలిసింది. ఒక పగలూ రాత్రీ అలాగే ఉంచమని చెప్పి వెళ్ళి, గురువారం మళ్ళీ వచ్చాడు. బోర్లిస్తే కోడిగుడ్డు పెంకుల్లాంటి తెల్లటి పెళ్ళలు గుప్పెడు రాలాయి. సైకిలు ట్యూబు కత్తిరించి మూతకు కొత్త వాషరు వేశాడు. ఇక మిగిలింది సన్న గొట్టం. చీపురుపుల్ల దూరేంత కూడా లేదు. తీగతో పొడిచాడు, వేన్నీళ్ళు పోశాడు. లోపల ఏదో పెళ్ళ అడ్డం పడింది, కదల్లేదు.

అప్పుడు ఆయన గొట్టం చివర నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు తేలాయి. ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి పెళ్ళ టప్పున అవతల పడింది.

"అయిపాయ" అన్నాడు, పిల్లాడిలా సంతోషపడుతూ.

నేను పక్కనే తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా కళ్ళు గొట్టం చివర అంటిన ఆయన ఎంగిలి మీదే ఉన్నాయి. మొహం మీద మాత్రం నవ్వు పెట్టుకున్నాను. ఆయన రెండుసార్లు నీళ్ళు మరిగించి పారబోసి, కాఫీ దించి చూపించాడు. ధార మొదటి రోజులాగే వచ్చింది. ఆ కాఫీ నేను ఆయనకే ఇచ్చాను. ఏ గ్లాసులో? పెరటి గోడ గూట్లో అలాంటివాళ్ళ కోసమని విడిగా బోర్లించి పెట్టిన గ్లాసులో. ఆయన తాగి, "శానా బాగుండాదమ్మా" అని, తనే గ్లాసు కడిగి, అదే గూట్లో, అదే తీరున బోర్లించి వెళ్ళాడు. అదంతా నాకు ఆ రోజు ఏ మాత్రం వింతగా తోచలేదు.

మా అత్త మడి, మైల అని ప్రాణాలు తోడే మనిషి కాదు. ఈ కథ ఎప్పుడైనా మనసులో చెప్పుకునేటప్పుడు 'అత్తగారికి తెలిస్తే ఊరుకోదని' అని ఒక వాక్యం చేర్చుకునేదాన్ని. అది అబద్ధం. అత్త ఆ వేళ నిద్రపోతోంది. ఆ మధ్యాహ్నం చేసిన పని నాకు నేనే చేశాను. మరిగే ఆవిరిలో ఏ క్రిమీ బతకదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, ఎంగిలి అనే మాట ముందు ఆ చదువంతా ఎటు పోయిందో తెలియదు. అదే మా ఆయనో, మామో ఊది ఉంటే ఒక చెంబు నీళ్ళతో కడిగి ఊరుకునేదాన్నని కూడా ఇక్కడ ఒప్పుకోవాలి.

మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక, పసుపు డబ్బా తీసి మూడు చెంచాలు నీళ్ళలో కలిపాను. శుద్ధికి పసుపు నీళ్ళు చల్లడం మా ఇళ్ళల్లో మామూలే, కానీ నేను చల్లలేదు. బాయిలరులో పోసి స్విచ్చి వేశాను. పసుపు ఇంట్లో దంచిందే, బరక బరకగా ఉండేది. సగం నీళ్ళు గొట్టంలోంచి పచ్చగా దిగాయి. తర్వాత గుర్రుగుర్రుమంది. నేను భయపడి ఆపేసి, మిగిలినవి పారబోసి, రెండుసార్లు నీళ్ళు పోసి ఊపి, పైన తుడిచి పెట్టేశాను. ఇప్పుడు శుభ్రమైంది అనుకున్నాను. నిజంగానే మనసు తేలికపడింది.

శుక్రవారం వియ్యపురాలు పదిగంటల బస్సుకు దిగింది. గంధం రంగు పట్టుచీర, పెద్ద బొట్టు. ఆమెను నేరుగా మిషను కనిపించేలా వంటింటి గడప దగ్గరే పీట వేసి కూర్చోబెట్టాం. మామ కొట్టుకు పోకుండా నిలబడి ఉన్నాడు. "అల్లుడు తెచ్చిన మిషనండీ, మా ఇంట్లో తప్ప చిత్తూరులో ఎవరింట్లోనూ ఉండదు" అంటున్నాడు. నేను పొడి నింపి స్విచ్చి వేశాను.

నీళ్ళు మరిగిన చప్పుడు వచ్చింది కానీ డికాషను రాలేదు. మిషను వణికింది. మూత పక్కనుంచి ఈల వేసింది. నేను ఆపుదామని చెయ్యి చాచేలోగా ముందున్న జల్లెడ పిడి ఊడి కింద పడింది. మరిగే కాఫీ మడ్డి ఇంత ఎత్తున ఎగిరి గోడ మీదా, నా చేతి మీదా, వియ్యపురాలి కుచ్చెళ్ళ మీదా పడింది. ఆమె "అయ్యో దేవుడా" అంటూ లేచింది. గోడ మీద కాఫీ పక్కన పచ్చటి చారలు దిగుతున్నాయి.

"ఏందీ పచ్చగా?" అన్నాడు మామ.

నా చెయ్యి మండుతోంది. అందరూ నా వైపే చూస్తున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరని అడగకముందే భుజాలు తడుముకున్నట్టు, నేను అడగని మాటకు బదులు చెప్పాను.

"సాయిబు ఏదో మందు పోసినట్టుండాడు మామా."

ఒక్క వాక్యం. నేను అనాలని అనుకున్నది కూడా కాదు. నోటికి అదే దగ్గరగా ఉంది.

మామ మొహం మారిపోయింది. సాయిబును పిల్చుకు రమ్మని మా ఆయన్ను పంపాడు. అత్త వియ్యపురాలికి తన చీర ఇచ్చి, మరక పడిన చీర పెరట్లోకి తెచ్చి సబ్బు రుద్దింది. కాఫీ మరక పోయింది. దాని కింద ఉన్న మరక సబ్బు తగలగానే ఎర్రగా తేలింది. పసుపు మరకకు సబ్బు తగిలితే ఏమవుతుందో తెలియని ఆడది మా వైపు లేదు. అత్త చెయ్యి ఆగింది.

"ఏం పోసినావే అందులో?" అంది మెల్లగా.

చెప్పాను. నోరు పెట్టి ఊదాడని, అందుకే అని. అత్త నన్ను తిట్టలేదు. లోపల వియ్యపురాలు కూర్చున్న వైపు ఒకసారి చూసి, "ఇప్పుడు ఈ మాట బయటికొస్తే, ఆ ఎంగిలి మిషనులో కాఫీ పెట్టి ఆమెకు ఇయ్యబోయినామని తెలుస్తుంది. ఆమె పొయ్యేదాకా నోరు మూసుకో" అంది. ఆమె పోయాక కూడా మేమిద్దరం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

సాయిబు వచ్చాడు. మామ ఆయన్ను లోపలికి రానివ్వలేదు. పెరటి వాకిలి దగ్గరే నిలబెట్టి అడిగాడు. "ఏం మందు పోసినావు సెప్పు. మనుసులు తాగేది గదప్పా? సంపుదామని సూసినావా?" పక్కింటివాళ్ళు పిట్టగోడ మీదినుంచి తొంగి చూస్తున్నారు. సాయిబు "నిమ్మకాయ రసమే అయ్యా, అమ్మ సూస్తానే ఉండాది" అన్నాడు. మామ నా వైపు తిరిగాడు. నేను తల వంచుకున్నాను. ఆ వంచిన తల చాలు, ఆయనకు అదే సాక్ష్యం.

సాయిబు మిషను తీసుకుని కొళాయి దగ్గర గొంతుకూర్చుని విప్పాడు. జల్లెడ వెనక పచ్చటి ముద్ద గడ్డకట్టి ఉంది. దాన్ని రెండు వేళ్ళతో నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. ఆ ముద్దను కాలవలోకి కడిగేశాడు. తీగతో గొట్టం పొడిచాడు. గొట్టం అటూ ఇటూ తిప్పి చూసి, తల ఎత్తకుండా మామను అడిగాడు.

"సైకిలు పంపు ఉండాదా అయ్యా?"

మా ఆయన సైకిలు పంపు తెచ్చి ఇచ్చాడు. దాని మూతి గొట్టానికి గుడ్డతో బిగించి, మోకాళ్ళ మీద వంగి కొట్టాడు. పసుపు బయటికి చిమ్మింది. ఈసారి నోరు పెట్టకుండా పంపు అడిగిన ఆ నిమిషం నా చెవులు వేడెక్కిపోయాయి. కాలిన చేతి మంట కూడా తెలియలేదు.

"తప్పయిపాయ అయ్యా. ఇంక బాగుంటుంది" అని చెప్పి, కూలి ముట్టకుండా, కాఫీ అడగకుండా వెళ్ళిపోయాడు. "మళ్ళీ ఈ వీధిలో కాలు పెట్టొద్దు" అని మామ వెనకనుంచి అరిచాడు.

మిషను బాగానే పనిచేసింది. ఆ సాయంత్రమే వియ్యపురాలు అందులో కాఫీ తాగి, మెచ్చుకుని, వీధిలో నలుగురితో ముచ్చట కూడా చెప్పింది. కళాయి సాయిబు మందులు కలుపుతాడన్న మాట ఆ నోటా ఈ నోటా పడింది. కాఫీలో కలిపినవాడు గిన్నెలకు ఏం పూస్తాడో అన్నారు. అప్పటికే అందరిళ్ళల్లోకి ఎవర్‌సిల్వర్ స్టీలు గిన్నెలు వస్తున్నాయి, ఎలాగూ కళాయి పని తగ్గుతోంది, నా మాట వల్లేం కాదు అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ ఇత్తడి ఉన్న ఇళ్ళు ఇంకా ముప్పై నలభై ఉన్నాయి. వాళ్ళంతా వేరే మనిషిని పిలిపించుకున్నారు.

నాలుగేళ్ళ తర్వాత చిత్తూరు పక్కనున్న ఐరాలలో మా ఆయన స్నేహితుడి గృహప్రవేశానికి పోయాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సు కోసం నిలబడి ఉంటే, రైసు మిల్లు గోడ నీడలో తిత్తి ఊదుతూ ఆయన కనిపించాడు. గడ్డం గోరింటాకు మానేసి తెల్లగా అయిపోయింది. మా ఆయన సోడా తాగడానికి పోయిన సందు చూసి నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆయన గుర్తుపట్టాడు.

"మిషను బాగుండాదా అమ్మా?" అని అడిగాడు. మొదటి మాట అదే.

"ఉండాది. ఇప్పుడు కొళాయి నీళ్ళే పోస్తాండాం."

"అట్టనే సేయాల."

ఇంకేదో మాట్లాడితే ధైర్యం పోతుందని గబగబా చెప్పేశాను. "ఆ పొద్దు అందులో పసుపు నీళ్ళు పోసింది నేనే సాయిబూ. నువ్వు ఊదినావని పోసినాను. మందు పోసినావని కూడా నేనే సెప్పినాను."

ఆయన తిత్తి ఆపలేదు. "తెలుసు గదమ్మా. సేతికి అంటినబ్బుడే తెలిసింది."

"మరి మామతో ఎందుకు సెప్పలేదు?"

"ఏమని సెప్పేది?" అన్నాడు. "నేను నోరు పెట్టినానని మీ కోడలు పసుపు పోసి కడిగిందయ్యా అనాల. నా నోరు మైలని, అంతమందిలో, నా నోటితోనే అనాల. దానికన్నా మందు పోసినోడు అనిపించుకునేదే మేలనిపించింది."

నాకు ఏడుపు వచ్చింది. ఆయన ముందు ఏడవడం కూడా సిగ్గుగానే ఉంది, ఆయన నన్ను ఓదార్చాల్సి వస్తుందేమోనని. "ఈ పొద్దే మామతో సెప్తాను. వీధిలో అందరితో సెప్తాను" అన్నాను.

"సెప్పమ్మా" అన్నాడు. అప్పుడు మాత్రం తిత్తి ఆపి నా మొహంలోకి చూశాడు. "సెప్తే, దీపావళి ముందర ఒకసారి ఆ పక్కకు వస్తాను. ముప్పై ఏండ్లు తిరిగిన వీధి గదా."

బస్సులో దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. ఇంటికి వచ్చేసరికి మామ చీరల మూటలు దించుతూ చిరాకుగా ఉన్నాడు, రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు ఇంటికి ఎవరో చుట్టాలు వచ్చారు. ఆ తర్వాత మామకు జ్వరం. చెప్పకపోవడానికి రోజుకొక మంచి కారణం దొరికేది. దీపావళి ఉందన్న సంగతి నాకు గుర్తుంది. గుర్తు లేదని మాత్రం అనలేను.

పండగకు వారం ముందు, పొద్దున తొమ్మిదింటికి వీధి మొదట్లో "కళాయీ" అని కేక వినిపించింది. నేను చెప్పే ఉంటానని నమ్మి వచ్చాడు. కేక మెల్లగా ఒక్కో ఇల్లూ దాటుకుంటూ వచ్చి మా వాకిట్లో ఆగింది. వసారాలో కూర్చున్న మామ లేచి, "నిన్ను ఈ వీధికి రావద్దని సెప్పలేదా?" అని అరిచాడు. సాయిబు తలుపులోంచి లోపలికి, నా కోసం చూస్తున్నాడని నాకు తెలుసు. నాలుగు అడుగులు వేస్తే వసారా. నేను వంటింట్లోనే ఉండి మిషను స్విచ్చి వేశాను. ఆవిరి గొట్టం చివరిదాకా తిప్పి, ఆ బుస్సుమనే చప్పుడులో, బయట మాటలు ఆగిపోయేదాకా నిలబడ్డాను.